సాకేత్ స్టేషన్‌లో మూడు వాక్యాలు: భాషలన్నిటి వెనుక ఒకే వ్యాకరణం ఉందా?



ఢిల్లీ మెట్రో పసుపు మార్గంలో మీరు ఎప్పుడైనా ప్రయాణం చేశారా? హౌజ్ ఖాస్, మాలవీయ నగర్ దాటాక సాకేత్ స్టేషన్ వస్తుంది. 2010 సెప్టెంబరు 3న ఈ భాగం ప్రారంభమైంది. రైలు స్టేషన్‌ను సమీపిస్తుంటే ముందు హిందీలో, తర్వాత ఇంగ్లీషులో ప్రకటన వినిపిస్తుంది. రోజూ వినేవాళ్లు దాన్ని పట్టించుకోరు. కాని భాషాశాస్త్రం చదివేవాళ్లకు ఆ నాలుగు సెకన్లూ ఒక పాఠం. ఈ రోజు మన పాఠం అక్కడే మొదలుపెడదాం.

హిందీలో: "అగ్లా స్టేషన్ సాకేత్ హై." ఇంగ్లీషులో: "ది నెక్స్ట్ స్టేషన్ ఈజ్ సాకేత్." ఇదే మాట తెలుగులో చెప్పాలంటే? "తర్వాతి స్టేషన్ సాకేత్." అంతే.

మూడు వాక్యాల అర్థం ఒకటే. ఇప్పుడు తేడా గమనించండి. ఇంగ్లీషులో "ఈజ్" అనే క్రియ వాక్యం మధ్యలో ఉంది. హిందీలో "హై" చివర ఉంది. తెలుగులో క్రియే లేదు! క్రియ లేకుండా వాక్యం ఎలా పూర్తయింది? మన భాష అసంపూర్ణమైనదా? కాదు. ఆ వాక్యాన్ని వ్యతిరేకార్థంలో చెప్పి చూడండి: "తర్వాతి స్టేషన్ సాకేత్ కాదు." క్రియ బయటికి వచ్చింది. అంటే మన వాక్యంలో క్రియకు చోటు ఉంది, వర్తమానంలో అది పైకి వినిపించదు. రష్యన్, అరబ్బీ భాషలు కూడా వర్తమానంలో ఇలాగే క్రియను వదిలేస్తాయి. ఆ రెండు భాషలకూ తెలుగుతో బంధుత్వం లేదు.

ఇక తలుపుల సంగతి. "దర్వాజే బాయీ ఓర్ ఖులేంగే", "డోర్స్ విల్ ఓపెన్ ఆన్ ది లెఫ్ట్", "తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి". ఎవరో తలుపు తెరవడం వేరు, తలుపు తనంతట తాను తెరుచుకోవడం వేరు. ఈ తేడా చూపడానికి హిందీ "ఖోల్"ను "ఖుల్"గా మార్చింది. తెలుగు క్రియకు "కొను" చేర్చింది. ఇంగ్లీషు ఏమీ మార్చకుండా "ఓపెన్" అనే మాటనే రెండు చోట్లా వాడుకుంది. భావం ఒకటి, దారులు మూడు.

ఇక్కడే మన ప్రశ్న పుడుతుంది. భాషలు ఒకదానికొకటి ఎంత దూరం? వాటి మధ్య పోలికలు ఎక్కడినుంచి వస్తాయి? ఈ ప్రశ్నకు రెండు వందల సంవత్సరాలలో మూడు రకాల జవాబులు వచ్చాయి. రక్తబంధం ఒకటి, ఇరుగుపొరుగు రెండు, మానవ మనస్సు మూడు. వాటిని వరుసగా చూద్దాం.

మొదటి జవాబు: రక్తబంధం

1786లో కలకత్తాలో విలియం జోన్స్ ఒక ప్రసంగంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని చెప్పాడు. హిందీ, ఇంగ్లీషు ఆ కుటుంబంలోనివే. మరి తెలుగు? ఆ రోజుల్లో తెలుగు కూడా సంస్కృతం నుంచే పుట్టిందని చాలామంది పండితులు నమ్మేవారు. 1814లో సేరంపూర్ నుంచి తెలుగు వ్యాకరణం ప్రచురించిన విలియం కేరీ అభిప్రాయమూ అదే. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. మన పుస్తకాల నిండా సంస్కృత పదాలే. పైగా ఆంధ్ర శబ్ద చింతామణి వంటి వ్యాకరణాలు సంస్కృతంలోనే రాయబడ్డాయి.

1816లో మద్రాసులో ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. దానికి ముందుమాటలో భాగంగా మద్రాసు కలెక్టర్ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వివరణ రాశాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమనీ, అది సంస్కృతం నుంచి పుట్టలేదనీ ఆయన అందులో నిరూపించాడు. ఎలా నిరూపించాడు? అరువు తెచ్చుకున్న పదాలను పక్కన పెట్టి, ధాతువులను వరుసగా పోల్చాడు. ఆ పనిలో సెయింట్ జార్జ్ కోట కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి సంకలనం చేసిన ధాతువుల పట్టిక ఆయనకు ఆధారమైంది. తర్వాత 40 ఏళ్లకు, 1856లో, రాబర్ట్ కాల్డ్వెల్ ఇదే విషయాన్ని విస్తారమైన గ్రంథంగా రాశాడు. మన కాలంలో భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో తెలుగు క్రియా ధాతువులపైన, 2003లో ద్రావిడ భాషలన్నిటిపైన రాసిన గ్రంథాలు ఆ మార్గానికి శిఖరాలు.

ఇందులో విజ్ఞానశాస్త్ర పద్ధతి ఒకటి ఉంది. గుర్తుంచుకోండి. ఇంట్లో ఉన్న సామాను చూసి ఆ ఇంటివాళ్లు ఎవరి సంతానమో చెప్పలేం. సామాను కొనుక్కోవచ్చు, అరువు తెచ్చుకోవచ్చు. పదాలు కూడా అంతే.

రెండో జవాబు: ఇరుగుపొరుగు

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. హిందీకి బంధువు ఇంగ్లీషు, తెలుగు కాదు. కాని ఈ వాక్యాలు చూడండి.

"ఇంటికి వెళ్లి, స్నానం చేసి, అన్నం తిని పడుకున్నాను."
"ఘర్ జాకర్, నహాకర్, ఖానా ఖాకర్ సో గయా."

"నాకు ఆకలిగా ఉంది."
"ముఝే భూఖ్ లగీ హై."

మాటకు మాట సరిపోతున్నాయి. ఇంగ్లీషులో ఆకలి వేసినవాడు కర్త: "ఐ యామ్ హంగ్రీ". మనకూ హిందీవాళ్లకూ ఆకలి "నాకు" వేస్తుంది. బంధువైన ఇంగ్లీషును వదిలి, బంధువు కాని తెలుగుతో హిందీకి ఈ పోలిక ఎందుకు?

1956లో ఎం.బి. ఎమెనో దీనికి జవాబు చెప్పాడు. భారతదేశం మొత్తం ఒక భాషా మండలం అన్నాడు. వేరువేరు కుటుంబాల భాషలు వేల సంవత్సరాలు పక్కపక్కనే ఉంటే, రెండు మూడు భాషలు మాట్లాడేవారు ఊరూరా ఉంటే, పదాలే కాదు, వాక్యం కట్టే తీరు కూడా ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే హైదరాబాద్ వెళ్లండి. "వస్తానని చెప్పాడు" అనే మాటను ఢిల్లీ హిందీలో "ఉస్నే కహా కి మై ఆవూంగా" అంటారు. చెప్పిన విషయం "కి" అనే మాట తర్వాత వస్తుంది. ఆ "కి" పారశీకం నుంచి వచ్చింది. హైదరాబాద్ దక్కనీలో మాత్రం "ఆతూఁ బోల్కే బోలా" అంటారు. చెప్పిన విషయం ముందు, దాని వెనుక "బోల్కే". ఇది అచ్చంగా మన "అని". "అను" ధాతువు నుంచి "అని" వచ్చినట్టే "బోల్" నుంచి "బోల్కే" వచ్చింది. పదాలు హిందీ కుటుంబానివి, వాక్యం పోత తెలుగుది.

ఒక ఎర్ర సిరా గుర్తు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్నగారి బదిలీ వల్ల మేము ఢిల్లీ వచ్చాం. కొత్త బడిలో మొదటి హిందీ వ్యాసంలో "మై రోటీ ఖాయా" అని రాశాను. ఉపాధ్యాయురాలు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "మైనే రోటీ ఖాయీ" అని దిద్ది, తరగతిలో అందరికీ చదివి వినిపించారు. పిల్లలు నవ్వారు. "తిన్నది నువ్వా, రొట్టెనా?" అని ఒకడు ఏడిపించాడు. ఆ తర్వాత చాలా నెలలు నేను తరగతిలో హిందీలో నోరు విప్పలేదు. నాకు బుర్ర లేదనే అనుకున్నాను.

ఇప్పుడు ఆ తప్పును శాస్త్రం ప్రకారం చూద్దాం. తెలుగులో క్రియ ఎప్పుడూ కర్తను అనుసరిస్తుంది: నేను తిన్నాను, నువ్వు తిన్నావు, ఆమె తిన్నది. హిందీలో సకర్మక క్రియ పూర్తయిన పనిని చెప్పేటప్పుడు కర్తకు "నే" చేరుతుంది, క్రియ కర్మను అనుసరిస్తుంది. రొట్టె స్త్రీలింగం కాబట్టి "ఖాయీ". ఇలా సకర్మక క్రియ కర్తను ప్రత్యేకంగా గుర్తించే భాషలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. యూరప్‌లోని బాస్క్, ఆస్ట్రేలియా ఆదివాసుల భాషలు అనేకం ఈ కోవలోవే. అయితే హిందీకి దాయాదులైన బెంగాలీ, ఒడియాల్లో "నే" వంటిది లేదు. హైదరాబాద్ దక్కనీలో కూడా సాధారణంగా లేదు. చాలా ఏళ్ల తర్వాత చార్మినార్ దగ్గర ఒక దుకాణంలో "మై ఖానా ఖాయా" అని ఒక పెద్దాయన అంటుంటే విని నేను నిలబడిపోయాను. నా ఎనిమిదో తరగతి వాక్యం ఆ ఊళ్లో తరతరాలుగా తప్పు లేకుండా బతుకుతోంది!

ఆ రోజు నేను రాసింది బుర్రలేని తప్పు కాదు. నాకు తెలిసిన ఒక సంపూర్ణ వ్యాకరణాన్ని మరో భాషకు వర్తింపజేశాను. పరీక్షలో అది తప్పే, దిద్దవలసిందే. కాని దిద్దేటప్పుడు కారణం చెప్పడం వేరు, నవ్వడం వేరు.

మూడో జవాబు: మానవ మనస్సు

భాషలన్నిటికీ అడుగున ఒకే వ్యాకరణం ఉంటుందన్న ఆలోచన పాతదే. 1660లో ఫ్రాన్స్‌లో పోర్ట్ రాయల్ పండితులు అలాంటి వ్యాకరణం రాశారు. మన దేశంలో పాణిని అంతకు రెండు వేల ఏళ్లకు ముందే సుమారు 4,000 సూత్రాలతో ఒక భాషలోని రూపాలన్నిటినీ పుట్టించే యంత్రం వంటి వ్యాకరణాన్ని నిర్మించాడు. ఆయన వర్ణించింది సంస్కృతాన్నే. అయినా పరిమితమైన సూత్రాలతో అపరిమితమైన భాషను చెప్పవచ్చని చూపినవాడు ఆయన.

1957లో నోమ్ చామ్‌స్కీ వాక్యనిర్మాణంపై చిన్న పుస్తకం ప్రచురించాడు. 1965లో వచ్చిన మరో గ్రంథం ముందుమాటలో పాణినిని కూడా తన తరహా వ్యాకరణానికి పూర్వుడిగా పేర్కొన్నాడు. చామ్‌స్కీ అడిగిన ప్రశ్న సులభమైనది: నాలుగైదేళ్ల పిల్లవాడు, ఎవరూ సూత్రాలు చెప్పకుండానే, ఇంత క్లిష్టమైన వ్యాకరణం ఎలా నేర్చుకుంటున్నాడు? పుట్టుకతోనే మనిషి మెదడులో భాషకు సంబంధించిన కొన్ని నియమాలు ఉండాలి అన్నది ఆయన జవాబు. దీన్నే సార్వత్రిక వ్యాకరణం అంటారు.

ఒక చిన్న ప్రయోగం చేద్దాం. ఈ వాక్యం చదవండి:

"రవి తమ్ముడు కిరణ్ ఎదుట తనను తాను తిట్టుకున్నాడు."

తిట్లు తిన్నది ఎవరు? మీరంతా "తమ్ముడు" అనే చెబుతారు. ఎందుకు? వాక్యంలో ముందున్న పేరును తీసుకోవాలన్నది సూత్రమైతే "రవి" కావాలి. దగ్గరగా ఉన్న పేరును తీసుకోవాలంటే "కిరణ్" కావాలి. రెండూ కాదు. "రవి తమ్ముడు" అన్న మొత్తం పదబంధం కర్త, దాని తలకాయ "తమ్ముడు". "తనను తాను" ఆ కర్తనే పట్టుకుంది. అంటే మన మనస్సు పదాలను పూసల్లా వరుసగా లెక్కపెట్టడం లేదు, పదబంధాల నిర్మాణాన్ని చూస్తోంది. ఈ వాక్యాన్ని హిందీలోకి, ఇంగ్లీషులోకి మార్చి చూడండి. జవాబు మారదు. ఈ సూత్రం మీకు ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు.

ఇదే వాక్యంలో తేడా కూడా ఉంది. ఇంగ్లీషులో "హిమ్‌సెల్ఫ్" ఒక్కటి చాలు, క్రియ మారదు. తెలుగులో "తనను తాను" అని జంటగా చెప్పాలి, దానికి తోడు క్రియ కూడా "తిట్టాడు" కాకుండా "తిట్టుకున్నాడు" కావాలి. మెట్రో తలుపుల దగ్గర చూసిన "కొను"యే ఇక్కడా పని చేస్తోంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కారుమూరి వెంకట సుబ్బారావుగారు బి. లలితామూర్తిగారితో కలిసి తెలుగులోని ఈ విషయాన్ని వివరంగా పరిశీలించారు. 2000లో దక్షిణాసియా భాషల సర్వనామాలపై వచ్చిన సంకలనంలో అది చేరింది. ఆయన 2012లో దక్షిణాసియా భాషల వాక్యనిర్మాణంపై ఒక పెద్ద గ్రంథం ప్రచురించారు.

మరి మీటల సంగతేమిటి?

నియమాలు ఒకటే అయితే భాషలు ఎందుకు వేరు? 1981లో చామ్‌స్కీ దీనికి ఒక సమాధానం ఇచ్చాడు. నియమాలు అందరికీ ఒకటే, కాని కొన్ని చోట్ల విద్యుత్ మీట వంటి ఎంపికలు ఉంటాయి. పిల్లవాడు తన చుట్టూ వినే మాటలను బట్టి ఆ మీటలను అటో ఇటో వేసుకుంటాడు.

ఉదాహరణకు తెలుగులో "సాకేత్ నుంచి", "బల్ల మీద" అంటాం. "నుంచి", "మీద" చివర వస్తాయి. క్రియ కూడా చివరే. ఇంగ్లీషులో రెండూ ముందు. ఒక్క మీట రెండింటినీ నిర్ణయిస్తోందా? జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 30 భాషలను పోల్చి 1963లో 45 సామాన్య సూత్రాలను ప్రకటించాడు. ఆ 30లో మన పొరుగు కన్నడం, హిందీ కూడా ఉన్నాయి. క్రియ చివర వచ్చే భాషల్లో విభక్తులు కూడా నామం తర్వాతే రావడం చాలా ఎక్కువ అని ఆయన చూపాడు. జపనీస్, టర్కిష్ భాషలు తెలుగుకు బంధువులూ కావు, పొరుగువీ కావు. అయినా ఈ విషయంలో తెలుగులాగే ఉన్నాయి.

కాని పారశీకం చూడండి. క్రియ చివరే వస్తుంది, "నుంచి" వంటి మాటలు మాత్రం ముందు వస్తాయి. హిందీ కూడా క్రియను చివర పెట్టి, "కి" వాక్యాన్ని మాత్రం క్రియ తర్వాత పెట్టింది. ఒక్క మీటతో అంతా తేలదన్నమాట. అందుకే 1990ల తర్వాత పరిశోధకులు పెద్ద మీటల మాట తగ్గించి, తేడాలు ఒక్కొక్క పదం, ఒక్కొక్క ప్రత్యయం స్వభావంలోనే ఉంటాయని చెప్పసాగారు. 1996 జనవరిలో చామ్‌స్కీ ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వచ్చి ఇచ్చిన ఉపన్యాసం 2000లో పుస్తకంగా వచ్చింది. డిగ్రీ విద్యార్థులు దాన్ని చదవవచ్చు.

సందేహం శాస్త్రానికి బలం

సార్వత్రిక వ్యాకరణం రుజువైపోయిన సత్యమని మీరు అనుకోకూడదు. మైకేల్ టొమాసెల్లో 2003లో, పిల్లలు వినే మాటల నుంచి, ఎదుటివారి ఉద్దేశాన్ని గ్రహించే శక్తి నుంచి క్రమంగా వ్యాకరణాన్ని నిర్మించుకుంటారని వాదించాడు. 2005లో డేనియల్ ఎవరెట్, బ్రెజిల్‌లోని పిరహా భాషలో వాక్యంలో వాక్యాన్ని ఇమిడ్చే పద్ధతి లేదని రాశాడు. దానిపై గట్టి వాదోపవాదాలు జరిగాయి. 2009లో నికోలస్ ఎవాన్స్, స్టీఫెన్ లెవిన్సన్, మినహాయింపు లేని సామాన్య సూత్రాలు దాదాపు లేవన్నారు. నేడు కంప్యూటర్లు కూడా వ్యాకరణబద్ధమైన వాక్యాలు రాస్తున్నాయి. అయితే అవి నేర్చుకోవడానికి ఏ పిల్లవాడూ జీవితకాలంలో వినలేనంత పాఠం కావలసి వచ్చింది. చామ్‌స్కీ ప్రశ్న ఇంకా బతికే ఉంది.

ఈ వాదం తేలేది ఎక్కడ? భాషల దగ్గరే. ప్రతి భాషా ఒక సాక్షి. మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్ని మద్రాసు నుంచి ప్రచురించారు. సవర ముండా కుటుంబానిది, తెలుగుకు పొరుగు. ఆ భాషలో క్రియ నామాన్ని తనలో కలుపుకోగలదు. "నేను తలకు నూనె రాసుకుంటాను" అన్న భావమంతా ఒకే క్రియాపదంలో ఇమిడిపోతుంది. లిపి లేని కొండ భాషకు వ్యాకరణమేమిటని ఆయన ఊరుకుని ఉంటే మనకు ఈ సాక్ష్యం అంత త్వరగా దక్కేది కాదు.

అన్ని భాషలకూ గిడుగు దొరకలేదు. 2010 జనవరిలో అండమాన్‌లో బోవా సీనియర్ అనే వృద్ధురాలు మరణించడంతో బో భాష మాట్లాడే చివరి మనిషి వెళ్లిపోయింది. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఆచార్యురాలు అన్వితా అబ్బి ఆమెతో, ఆమె తోటివారితో పనిచేసి, గ్రేట్ అండమానీ భాష వ్యాకరణాన్ని 2013లో ప్రచురించారు. ఆ భాషలో శరీర భాగాల విభజన వ్యాకరణమంతటా అల్లుకుని ఉంటుందని చూపారు. ఎవరూ అడగకముందే మాయమైన భాషల్లో ఏ సూత్రాలు ఉండేవో ఇక తెలుసుకోలేం.

మీరు చేయవలసిన పని

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో పదివేల మందికి మించి మాట్లాడే భాషలు 121. అంటే మీ తరగతిలోనే ప్రయోగశాల ఉంది. "నిన్న వచ్చిన అబ్బాయి నా స్నేహితుడు" అన్న వాక్యాన్ని తీసుకోండి. వేరే భాష ఇంట్లో మాట్లాడే ముగ్గురు స్నేహితులను అడిగి వాళ్ల భాషలో రాసుకోండి. క్రియ ఎక్కడ ఉంది? ఇంగ్లీషు "హూ", హిందీ "జో" వంటి మాట ఉందా, తెలుగులాగా "వచ్చిన" అనే ఒక్క రూపంతో సరిపోయిందా? "స్నేహితుడు" తర్వాత క్రియ వినిపించిందా? ఒక పట్టిక వేయండి. కనిపించిన ప్రతి పోలిక పక్కన రక్తబంధమా, ఇరుగుపొరుగా, మానవ స్వభావమా అని మీ అనుమానం రాయండి. జవాబు తేలకపోతే ప్రశ్న గుర్తు పెట్టండి. పెద్ద పరిశోధకుల పట్టికల్లో కూడా అలాంటి గుర్తులు చాలా ఉన్నాయి.

ఈసారి మీ తరగతిలో ఎవరైనా "మై రోటీ ఖాయా" అంటే నవ్వకండి. "మీ ఇంట్లో ఈ మాట ఎలా అంటారు?" అని అడగండి. అతనికి "నే" ఎక్కడ వాడాలో మీరు చెప్పండి, మీకు తెలియని ఒక వ్యాకరణాన్ని అతను చెబుతాడు.